కొత్త స్పోర్ట్ క్వాడ్: మొదటి 20 గంటల్లో ఎదురయ్యే ఇబ్బందులు, వాటికి పరిష్కారాలు

అరిజోనాలోని చాండ్లర్‌లో మా గరాజ్‌లోకి యమహా రాప్టర్ 700ఆర్ వచ్చేనాటికి నాకు క్వాడ్ గురించి, అంటే మట్టిలో, ఇసుకలో నడిపే ఈ నాలుగు చక్రాల బండి గురించి, తెలిసింది చాలా తక్కువ. గుంటూరులో స్కూటర్‌తో మొదలుపెట్టి ఏళ్ల తరబడి రెండు చక్రాల మీదే తిరిగినవాణ్ణి. నాలుగు చక్రాలున్నాయి కదా, పడిపోయేదేముంది అనుకున్నాను. మొదటి ఆదివారం ఎడారి దారిలో గంట తిరిగి వచ్చేసరికి నడుము పట్టేసింది, చేతులు తిమ్మిరెక్కాయి, బండి ఎటు పోతుందో తెలియలేదు. 686 సీసీ ఇంజన్ అన్నారు, ఈ లాగుడు ఇంతేనా అని దిగులు కూడా వేసింది. ఆ రాత్రే కూర్చుని కొత్త షాకులు, కొత్త సైలెన్సర్, వెడల్పు ఇరుసు అంటూ పెద్ద జాబితా రాశాను.

అందులో సగం అవసరమే పడలేదు. ఇబ్బంది బండిలో లేదు, బండిని నాకు సరిపడేలా అమర్చుకోకపోవడంలో ఉంది. ఆ తర్వాత మా ఊళ్లో మరికొందరు తెలుగువాళ్లు క్వాడ్‌లు కొన్నారు. వాళ్ల బళ్ల దగ్గరా దాదాపు ఇవే ఫిర్యాదులు విన్నాను. అందుకే వాళ్లు చెప్పే మాటలనే శీర్షికలుగా పెట్టి రాస్తున్నాను. రాప్టర్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినా, చాలావరకు ఏ స్పోర్ట్ క్వాడ్‌కైనా పనికొస్తుంది.

"థ్రాటిల్ మొత్తం నొక్కినా సగమే లాగుతోంది"

ముందు థ్రాటిల్ లివర్, అంటే బొటనవేలితో నొక్కే మీట, ఉన్న డబ్బా చూడండి. దాని మీద ఒక చిన్న స్క్రూ, దానికో లాక్ నట్టు ఉంటాయి. కొత్తవాళ్లు ఒక్కసారిగా వేగం అందుకోకుండా లివర్ ప్రయాణాన్ని ఆపే ఏర్పాటు అది. లోపలికి తిప్పేకొద్దీ లివర్ తక్కువ దూరం కదులుతుంది. నా బండిలో ఆ స్క్రూ చాలా లోపలికి ఉంది. కొన్న చోట ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ కొంచెం కొంచెంగా బయటికి తిప్పి, మళ్లీ నట్టు బిగించండి. ఒకేసారి మొత్తం తీసేయకండి. రెండు మూడు సార్లు బయటికి వెళ్లొచ్చి, చెయ్యి అలవాటు పడ్డాక మిగతాది తీస్తే మంచిది. ఇంకా ఇంటి చుట్టుపక్కలే నేర్చుకుంటున్న కొత్త రైడర్ ఎవరైనా ఉంటే అసలు ముట్టుకోకండి.

స్క్రూ బయటికే ఉంది, అయినా ఇంజన్ ఒక స్థాయి దాటి తిరగడం లేదు, అక్కడే తడబడుతోంది అంటే పార్కింగ్ బ్రేక్‌ను అనుమానించాలి. యమహా స్పోర్ట్ క్వాడ్‌లలో పార్కింగ్ బ్రేక్ వేసి ఉన్నప్పుడు ఇంజన్ ఎక్కువ ఆర్‌పీఎం తిరగకుండా ఆపే ఏర్పాటు ఉంది. బ్రేక్ లివర్ పూర్తిగా వెనక్కి రాకపోయినా, అక్కడి స్విచ్‌లో దుమ్ము చేరినా బ్రేక్ ఇంకా వేసే ఉందని బండి అనుకుంటుంది. లివర్ చేత్తో కదిపి చూడండి, స్విచ్ శుభ్రం చేయండి, కేబుల్ మరీ బిగుతుగా ఉంటే కాస్త వదలండి. ఐదు నిమిషాలు నడిపి వెనక బ్రేక్ డిస్క్ దగ్గర చెయ్యి పెట్టండి, తగలనివ్వకండి. సెగ కొడుతుంటే బ్రేక్ నిజంగానే పట్టుకుని ఉందన్నమాట. ఆ స్విచ్ వైరు కత్తిరించేయమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. రోగం బ్రేక్‌లో ఉంటే వైరు కత్తిరించినంత మాత్రాన తగ్గదు.

ఇంకో సంగతి. మొదటి 10 గంటలు సగం థ్రాటిల్ దాటి ఎక్కువసేపు నడపొద్దనీ, 20 గంటల దాకా ముప్పావు దాటొద్దనీ మాన్యువల్ చెబుతుంది. ఆ గంటల్లో బండి పవర్ మీద తీర్పు చెప్పకండి.

"బంతిలా ఎగురుతోంది, తిన్నగా పోవడం లేదు"

ఎక్కువ మంది డబ్బు తగలేసేది ఇక్కడే. షాకులు బాగాలేవనుకుని మార్చేస్తారు. నేనూ మార్చబోయి ఆగాను.

మొదటి కారణం టైర్లలో గాలి. క్వాడ్ టైరుకు కావలసింది 4 పీఎస్ఐ చుట్టుపక్కల మాత్రమే. కారుకు 32 పెట్టే అలవాటు మనది, 4 అంటే పంక్చర్ అనిపిస్తుంది. పెట్టెలోంచి తీసి బిగించేటప్పుడు టైరు రిమ్‌కు గట్టిగా కూర్చోవాలని ఎక్కువ గాలి కొడతారు, కొన్నిసార్లు అలాగే అమ్మేస్తారు. కారు గేజ్‌తో 4 పీఎస్ఐ కొలవలేం, ముల్లు కదలను కూడా కదలదు. తక్కువ ఒత్తిడి చూపే గేజ్ విడిగా దొరుకుతుంది. ఈ బండికి నేను కొన్న మొదటి వస్తువు అదే, ఇప్పటికీ దాన్ని మించినది కొనలేదు. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో, బండి మీది స్టిక్కర్‌లో ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవండి. ముఖ్యంగా కుడి, ఎడమ టైర్లలో సమానంగా ఉండాలి. ఇంత తక్కువ గాలిలో అర పీఎస్ఐ తేడా ఉన్నా బండి ఒక పక్కకు లాగుతుంది.

గాలి సరిచేశాక కూడా వేగంలో హ్యాండిల్ అటూ ఇటూ వెతుక్కుంటుంటే ముందు చక్రాల టో-ఇన్, అంటే రెండు చక్రాలూ ముందువైపు కాస్త లోపలికి తిరిగి ఉండటం, చూడాలి. హ్యాండిల్ తిన్నగా కట్టేసి, ముందు టైర్ల నడిమధ్య ముందువైపు, ఇరుసు ఎత్తులో సుద్దతో గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య దూరం కొలవండి. బండిని నెట్టి ఆ గుర్తులు వెనకవైపు అదే ఎత్తుకు వచ్చాక మళ్లీ కొలవండి. ముందు కొలత వెనక కొలత కంటే కొన్ని మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి, ఎంతో మాన్యువల్ చూడండి. ముందు కొలతే ఎక్కువ ఉంటే బండి తిన్నగా పోదు. హ్యాండిల్ తిప్పితే చక్రాలను తిప్పే కడ్డీలు టై రాడ్‌లు. వాటి లాక్ నట్లు వదిలి, రెండు రాడ్‌లనూ ఒకే లెక్కన తిప్పండి. ఒక కొసన మరలు ఎడమవైపువి, అంటే మామూలుకు తిరగేసి తిరుగుతాయని మరిచిపోకండి.

ఇక షాకులు. రాప్టర్ 700ఆర్‌లో వెనక చక్రాల ప్రయాణం, అంటే పైకీ కిందికీ కదిలే దూరం, 10.1 అంగుళాలు, ముందు 9.1. హెల్మెట్, బూట్లు వేసుకుని మీరు కూర్చున్నప్పుడు అందులో మూడో వంతు దిగితే మొదలుపెట్టడానికి బాగుంటుంది. మనలో చాలామంది 65, 70 కిలోల మనుషులం. మన బరువుకు షాకులు అంత దిగకపోతే స్ప్రింగు బిగుతు తగ్గించాలి. కాలర్ తిప్పడానికి పానా బండితో పాటే వస్తుంది.

తర్వాత క్లిక్కర్లు, అంటే షాకుల మీద టిక్ టిక్‌మంటూ తిరిగే సర్దుబాటు స్క్రూలు. ఏది తిప్పే ముందైనా పూర్తిగా లోపలికి నెమ్మదిగా తిప్పుతూ ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టి రాసుకోండి, తర్వాత మొదట ఉన్న చోటికే తెచ్చిపెట్టండి. ఇది మీరు తిరిగొచ్చే చోటు. వరుస గుంతల్లో వెనక భాగం మిమ్మల్ని ఎగరేస్తుంటే వెనక రీబౌండ్, అంటే నొక్కుకున్న షాకు తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసేది, రెండు క్లిక్కులు బిగించండి. దానికి భిన్నంగా, గుంత గుంతకూ బండి దిగిపోతూ చివరికి రాయిలా గట్టిపడుతుంటే రీబౌండ్ మరీ ఎక్కువైందని అర్థం, వదలండి. ఒకసారి ఒక్కటే మార్చి, అదే దారిలో మళ్లీ నడిపి చూడండి. ఒక పూట పడుతుంది, కానీ ఆ పూట తర్వాత బండి మీదవుతుంది.

"మలుపులో తిరగబడుతుందేమోనని భయంగా ఉంది"

ఈ భయం సరైనదే, దాన్ని పోగొట్టుకోవద్దు. క్వాడ్ మోటార్‌సైకిల్‌లా మలుపులోకి వాలదు. మీరే వాలాలి. సీటు మీద లోపలివైపు జరిగి, ఛాతీ ముందుకు తెచ్చి, బరువు బయటి పక్క ఫుట్‌పెగ్ (కాలు పెట్టే మెట్టు) మీద వేయండి. మనం స్కూటర్ మీద ఉన్నట్టు నిటారుగా కూర్చుంటే లోపలి చక్రం లేస్తుంది. ఎన్ని మార్పులు చేసినా ఈ అలవాటు లేకపోతే ఫలితం ఉండదు.

దీనికంటే ముఖ్యమైనది కాలు. రెండు చక్రాల మీద పెరిగిన మనకు బండి జారగానే కాలు నేలకు ఆన్చడం ఒంట్లో జీర్ణమైపోయింది. క్వాడ్ మీద ఆ పని చేస్తే వెనక టైరు కాలి మీదికెక్కి లోపలికి లాగేస్తుంది. నేను రెండో రోజే అలా కాలు దించాను. బూటు మడమ టైరుకు రాసుకుంది, అంతటితో పోయింది. ఆ సాయంత్రమే నెర్ఫ్ బార్‌లు ఆర్డర్ పెట్టాను. ఫుట్‌పెగ్‌కూ వెనక చక్రానికీ మధ్య గట్టి వలతో ఉండే చట్రం అది. మొదటి మార్పు ఏది చేయాలని ఎవరడిగినా, సైలెన్సర్ కాదు, ఇదే అంటాను.

వెడల్పు విషయానికొస్తే, రాప్టర్ సుమారు 46 అంగుళాలు, యమహాదే ఇంకో స్పోర్ట్ క్వాడ్ వైఎఫ్‌జెడ్450ఆర్ సుమారు 49. మలుపుల్లో ఆ తేడా తెలుస్తుంది. చవగ్గా వచ్చే దారి వీల్ స్పేసర్లు, అంటే చక్రం వెనక పెట్టి బిగించే దిమ్మలు. కానీ అవి చక్రాన్ని బయటికి నెట్టే కొద్దీ బేరింగుల మీద బరువు పెరుగుతుంది, ముందు హ్యాండిల్ కూడా బరువెక్కుతుంది. వెనక మాత్రం కాస్త వెడల్పు చేసుకుంటే దోషం లేదు. ముందు వెడల్పు కావాలంటే డబ్బు కూడబెట్టి పొడవాటి ఏ-ఆర్మ్‌లే (ముందు చక్రాన్ని చట్రానికి కలిపే చేతులు) వేయించుకోండి.

ఇంకొక మాట, కోపం తెచ్చుకోకండి. మన ఇళ్లలో పిల్లాణ్ణి ముందు కూర్చోబెట్టి ఒక రౌండు తిప్పడం మామూలు. స్పోర్ట్ క్వాడ్ ఒక్కరి కోసం చేసిన బండి. ఈ సైజు బండి 16 ఏళ్లు నిండనివాళ్లకు కాదని దాని మీదే రాసి ఉంటుంది. ముందు పిల్లాడుంటే మీరు మలుపులో కదల్లేరు, బండి తిరగబడేది అలాగే.

"ఎయిర్‌బాక్స్‌లోకి ఇంజన్ ఆయిల్ వచ్చింది"

ఎయిర్‌బాక్స్ అంటే ఎయిర్ ఫిల్టర్ ఉండే డబ్బా. అందులో ఆయిల్ చూడగానే గుండె జారుతుంది, పిస్టన్ రింగులు పోయాయేమోనని టెన్షన్. కొత్త బండిలో చాలాసార్లు కారణం ఆయిల్ ఎక్కువ పోయడమే. రాప్టర్‌ది డ్రై సంప్ ఇంజన్, ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆ ఆయిల్ మెల్లగా ఇంజన్ అడుగుకు దిగిపోతుంది. పొద్దున్నే చల్లని ఇంజన్ మీద డిప్‌స్టిక్ తీస్తే తక్కువ చూపిస్తుంది. అది నమ్మి పోశారో, ఎక్కువైనది బ్రీదర్ గొట్టం (ఇంజన్ లోపలి గాలి బయటికి వెళ్లే గొట్టం) ద్వారా ఎయిర్‌బాక్స్‌లో తేలుతుంది. ఇంజన్ కొన్ని నిమిషాలు వేడెక్కనిచ్చి, ఆపి, కాసేపాగి, చదునైన చోట కొలవండి. ఎక్కువుంటే తీసేయండి, ఎయిర్‌బాక్స్ తుడవండి, ఫిల్టర్ కడగండి. సరైన మట్టానికి తెచ్చాక కూడా ఆయిల్ వస్తుంటే అప్పుడు మెకానిక్‌కు చూపించాలి.

"రెండు వారాలు ఆగితే స్టార్టర్ టిక్కుమంటోంది"

బ్యాటరీ. ఇంటి ముందు ఐదేసి నిమిషాలు నడిపితే స్టార్ట్ చేయడానికి పోయిన చార్జ్ తిరిగి రాదు. గరాజ్‌లో ఉన్నన్నాళ్లూ బ్యాటరీని నిండుగా ఉంచే మెయింటెనెన్స్ చార్జర్ తగిలించి ఉంచండి.

"బొటనవేలు నొప్పి"

లివర్ కోణం మార్చండి. డబ్బా బోల్టులు వదిలి, వేలు వంగకుండా సూటిగా నెట్టేలా తిప్పండి. కేబుల్‌కు లూబ్ వేయండి. తిప్పే థ్రాటిల్ పెట్టుకోవాలనిపిస్తుంది మనకు, అలవాటు కదా. గుంతలో శరీరం వెనక్కి పోయినప్పుడు చెయ్యి దానంతటదే థ్రాటిల్ తెరిచేస్తుంది. వద్దు.

"సైలెన్సర్ మార్చాక థ్రాటిల్ వదిలితే టపటపమంటోంది"

ముందు సైలెన్సర్ పైపుకు కలిసే అతుకు చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సబ్బు నీళ్లు పూసి స్టార్ట్ చేస్తే గాలి కారే చోట బుడగలు వస్తాయి. గాస్కెట్ కొత్తది వేసి క్లాంపు బిగిస్తే చాలాసార్లు ఆగిపోతుంది. సైలెన్సర్‌తో పాటు ఎయిర్‌బాక్స్ మూత కూడా తీసేసి ఉంటే సంగతి వేరు. గాలి పెరిగింది, పెట్రోలు పాత లెక్కనే వస్తోంది. థ్రాటిల్ కదపకుండా ఒకే చోట పట్టుకున్నా బండి కుదుపుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. పవర్ కమాండర్ లాంటి ఫ్యూయల్ కంట్రోలర్ వేసి, ఆ మార్పులకు తగిన మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోలు ఇవ్వాలో చెప్పే లెక్క) ఎక్కించాలి. అది కొనే ఉద్దేశం లేకపోతే మూత తిరిగి పెట్టేయండి. శబ్దం విషయంలో అరిజోనాలో పరిమితి 96 డెసిబెల్స్. జాతీయ అడవుల్లో తిరగాలంటే సైలెన్సర్ నుంచి నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్ ఉండాలి. కొనే ముందే ఈ రెండూ అడగండి.

"వెనక నుంచి టక్ టక్"

చైన్ వదులై స్వింగ్‌ఆర్మ్‌కు (వెనక ఇరుసును పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి) తగులుతుందేమో చూడండి. కొత్త చైన్ మొదటి గంటల్లో సాగుతుంది. బిగించేటప్పుడు మరీ బిగించకండి. స్వింగ్‌ఆర్మ్ కీలు, ముందు స్ప్రాకెట్, ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది, అప్పుడు కూడా కాస్త వదులు మిగలాలి. చైన్ బాగుంటే, వెనక భాగం జాకీ మీద లేపి చక్రాలు పట్టుకుని ఊపండి. ఆడుతుంటే ఇరుసు నట్లు వదులయ్యాయని అర్థం. స్పోర్ట్ క్వాడ్‌లలో ఇది తరచూ కనిపించేదే. నట్లు తీసి, మరలు శుభ్రం చేసి, నట్టు వదులవకుండా పట్టే త్రెడ్ లాకర్ జిగురు పూసి, టార్క్ పానాతో మాన్యువల్ చెప్పినంత బిగించండి. వదులు నట్లతో ఒక్క రోజు కూడా నడపకండి, ఇరుసు మరలు అరిగిపోతే ఇరుసే మార్చాలి.

"ఇసుక దిబ్బల నుంచి వచ్చాక నీరసపడింది"

కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ ఇసుక దిబ్బలు, అందరూ గ్లామిస్ అనే చోటు, మాకు మూడు గంటల పైన ప్రయాణం. అక్కడ నేల నుంచి 8 అడుగుల ఎత్తున జెండా ఉండాలి, కాబట్టి ఆ కర్ర బిగించే క్లాంపు ముందే వేయించుకోండి. దిబ్బ అవతల ఎవరు వస్తున్నారో కనిపించేది ఆ జెండాతోనే.

తిరిగొచ్చాక నీరసానికి కారణం దాదాపు ఎప్పుడూ ఫిల్టరే. ఫోమ్ ఫిల్టర్‌ను పెట్రోలుతో కడగకండి, జిగురు అతుకులు ఊడతాయి. ఫిల్టర్ క్లీనర్‌తో కడిగి, పిండకుండా ఒత్తి, పూర్తిగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ అన్ని వైపులా సమానంగా పట్టించండి. అంచుకు పల్చగా గ్రీజు రాయండి. ఫిల్టర్ తీసినప్పుడే ఇంకో పని చేయండి. ఇంజన్ వైపు వెళ్లే రబ్బరు గొట్టం లోపల శుభ్రమైన తెల్లగుడ్డతో తుడిచి వెలుతురులో చూడండి. గుడ్డ తెల్లగా వస్తే నిశ్చింతగా బిగించేయండి. గరుకుగా ఇసుక తగిలితే ఫిల్టర్ దాటి ఇంజన్‌లోకి పోతోందన్నమాట. అంచు ఎక్కడ సరిగా కూర్చోలేదో, గొట్టం క్లాంపు ఎక్కడ వదులైందో దొరికేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకండి.