టర్బో కారుకు కంపెనీ బైపాస్ వాల్వా, బయటి వాల్వా: పరీక్షించి తేల్చుకునే పద్ధతి

టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న కారు పికప్ తగ్గితే అనుమానం ముందుగా టర్బో మీదికే పోతుంది. నా కారుకు అలా జరిగినప్పుడు ఒక మెకానిక్ టర్బో మొత్తం మార్చాలని చెప్పాడు. విప్పి చూస్తే, అరచేతిలో ఇమిడే బైపాస్ వాల్వ్‌లోని రబ్బరు డయాఫ్రం (వంగే పొర) అంచున గోరంత చీలిక కనిపించింది. అందుకే కంపెనీ వాల్వ్ కొనాలా, బయటి తయారీదారుల వాల్వ్ కొనాలా అన్న ప్రశ్నకు ముందు, ఇప్పుడున్న వాల్వ్ నిజంగా పాడైందా అన్నది తేల్చుకోవాలని గట్టిగా చెబుతాను.

ఈ వాల్వ్‌కు ఉన్న పనులు రెండే. యాక్సిలరేటర్ తొక్కి ఉన్నంతసేపు అది గాలి చొరనంత బిగువుగా మూసుకొని ఉండాలి. కాలు తీయగానే థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారిలోని తలుపు) మూసుకుపోతుంది గాని, నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరిగే కంప్రెసర్ (టర్బోలో గాలిని నెట్టే చక్రం) వెంటనే ఆగదు. అది నెట్టిన గాలికి దారి లేక వెనుదిరిగి రెక్కలను తాకుతుంది. ఆ క్షణంలో వాల్వ్ చటుక్కున తెరుచుకొని, ఆ గాలిని కంప్రెసర్‌లోకి గాలి వచ్చే దారిలోకి తిరిగి మళ్ళించాలి. వాల్వ్ నమ్మకాన్ని ఈ రెండు పనులతోనే కొలవాలి తప్ప అది చేసే శబ్దంతో కాదు.

కంపెనీ వాల్వులన్నీ ఒకే రకమని అనుకోవడం మొదటి పొరపాటు. ఫోక్స్‌వ్యాగన్, ఆడి పాత 1.8 టర్బో ఇంజన్లలోనూ, సుబారు డబ్ల్యూఆర్ఎక్స్, మిత్సుబిషి ఎవో కార్లలోనూ ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే భాగం) నుంచి వచ్చే సన్నని వ్యాక్యూమ్ గొట్టంతో వాల్వ్ తెరుచుకుంటుంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు 2.0 టీఎఫ్ఎస్ఐ, ఆ తర్వాతి టీఎస్ఐ ఇంజన్లలో వాల్వ్ టర్బో మీదనే బిగించి ఉంటుంది. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పంపే కరెంటుతో సోలనాయిడ్ (విద్యుదయస్కాంతం) దాన్ని తెరుస్తుంది. 2.0 టీఎఫ్ఎస్ఐ తొలి వాల్వులలో రబ్బరు డయాఫ్రం వేడికి, నూనె ఆవిరికి గట్టిపడి చిరిగిపోయేది. తర్వాతి సవరణలో దాని బదులు పిస్టన్ వచ్చింది. 1.8 టర్బోలో కూడా తొలి వాల్వుల స్థానంలో బాష్ వారి 710ఎన్ అనే బలమైన డయాఫ్రం వాల్వ్‌ను వేసుకోవడం చాలాకాలంగా ఉన్న అలవాటు. కాబట్టి విడిభాగం నంబరు చివర ఉన్న అక్షరాన్ని తప్పక చూడండి. ఆ ఒక్క అక్షరం తేడాతో కంపెనీ వాల్వే పాతదో, సవరించినదో తేలిపోతుంది.

ఇక పరీక్ష. వ్యాక్యూమ్ గొట్టంతో పనిచేసే వాల్వ్ అయితే దాన్ని విప్పి, గొట్టం తగిలించే ముక్కుకు చేతి వ్యాక్యూమ్ పంపు పెట్టి, సుమారు 15 నుంచి 20 అంగుళాల పాదరసం వరకు లాగండి. లోపలి మూత పైకి లేవాలి, పంపు ముల్లు ఒక నిమిషం పాటు కదలకుండా నిలవాలి. ముల్లు మెల్లగా జారుతూ ఉంటే డయాఫ్రం చిరిగిందన్నమాట. సోలనాయిడ్ వాల్వ్ అయితే ఇంజన్ పూర్తిగా చల్లారిన తర్వాత, కారును స్టాండ్ల మీద నిలబెట్టి, చాలా వాటిలో కింది నుంచే విప్పాలి. డయాఫ్రం ఉన్నదైతే అంచు చుట్టూ వేలితో మెల్లగా లాగి చూడండి, ఎందుకంటే చీలిక మామూలుగా మడత లోపల దాక్కుంటుంది. పిస్టన్ ఉన్నదైతే వేలితో నొక్కి వదిలినప్పుడు ఎక్కడా పట్టకుండా తిరిగి రావాలి. లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో పీ0299 కనిపిస్తే బూస్ట్ (టర్బో పెంచే గాలి ఒత్తిడి) అందడం లేదని, పీ2261 కనిపిస్తే వాల్వ్ మెకానికల్‌గా సరిగా పనిచేయడం లేదని అర్థం. అయితే పీ0299 పగిలిన హోస్ పైపు వల్ల కూడా వస్తుంది కనుక, ఇన్‌టేక్ దారిని మూసి తక్కువ ఒత్తిడితో గాలి నింపి, ప్రతి అతుకు మీద సబ్బు నీళ్ళు పోసి బుడగలు వెతికిన తర్వాతే వాల్వ్‌ను తప్పుపట్టండి.

బయటి వాల్వ్ విషయానికి వస్తే, అల్యూమినియం శరీరంలో లోహపు పిస్టన్ ఉండే రకం చిరగదు, ఎక్కువ బూస్ట్‌ను కూడా నిలబెడుతుంది. ఎవో 8, 9 కార్ల ప్లాస్టిక్ వాల్వ్ బూస్ట్ పెంచగానే లీకవుతుంది కాబట్టి, అక్కడ లోహపు వాల్వ్ వేయడం న్యాయమైన పనే. కానీ చిరగని పిస్టన్ పట్టేస్తుంది: ఓ రింగులు (లీకు ఆపే రబ్బరు వలయాలు) ఎండిపోతాయి, నూనె ఆవిరి దుమ్ముతో కలిసి జిగురుగా పేరుకుంటుంది, మూత ఆలస్యంగా కదులుతుంది. కనీసం ఏడాదికి ఒకసారి విప్పి, తుడిచి, తయారీదారు చెప్పిన గ్రీజు పల్చగా రాయాలి. ఈ పని చేసే ఓపిక లేని యజమానికి బయటి పిస్టన్ వాల్వ్ కంపెనీ వాల్వ్ కంటే నమ్మకమైనది కాదన్నది నా అభిప్రాయం.

స్ప్రింగ్ ఎంపిక కూడా ఇంతే ముఖ్యం. స్ప్రింగ్ మరీ గట్టిదైతే కాలు కొద్దిగా తీసినప్పుడు వాల్వ్ తెరుచుకోక, పావురం రెక్కలు టపటపలాడించిన శబ్దం వస్తుంది. కంప్రెసర్‌ను గాలి వెనక్కి కొడుతున్న శబ్దమది, దాన్ని చూసి మురిసిపోకూడదు. మరీ మెత్తనిదైతే ఇంజన్ ఐడిల్‌లో ఉండగానే వాల్వ్ తెరుచుకుంటుంది. గాలిని బయటికి వదిలే రకంలో అప్పుడు వడపోయని గాలి లోపలికి చొరబడుతుంది.

గాలిని బయటికి వదిలే ఈ రకాన్ని ఎంఏఎఫ్ సెన్సర్ (ఇంజన్‌లోకి వచ్చే గాలిని కొలిచేది) ఉన్న కార్లకు నేను అసలు సిఫారసు చేయను. ఆ గాలిని సెన్సర్ ముందే లెక్కపెట్టి ఉంటుంది. అది బయటికి పోయినా ఈసీయూ దానికి సరిపడా ఇంధనం చల్లుతుంది, దాంతో గేరు మార్చిన ప్రతిసారీ మిశ్రమం చిక్కబడి ఇంజన్ తడబడుతుంది. సోలనాయిడ్‌ను తీసేసి వ్యాక్యూమ్ వాల్వ్‌కు మార్చే కిట్లతో కొత్త గొట్టాలు, కొత్త అతుకులు వస్తాయి, అంటే లీకయ్యే చోట్లు పెరుగుతాయి. కంపెనీ సోలనాయిడ్‌ను ఉంచి లోపలి పిస్టన్‌ను మాత్రమే మార్చే కిట్లు వీటికంటే మేలు.

హైదరాబాద్‌లో ఆక్టేవియా వీఆర్ఎస్ వంటి టీఎస్ఐ కార్లు నడిపేవారు నన్ను అడిగితే ఇలా చెబుతాను: రీమ్యాప్ చేయని (ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చని) కారుకు తాజా సవరణ కంపెనీ వాల్వ్ చాలు. రీమ్యాప్ చేసినా, ముందు బూస్ట్ లాగ్ (కారు నడుస్తుండగా నమోదైన బూస్ట్ రికార్డు) తీసి, ఈసీయూ అడిగిన బూస్ట్‌కూ వచ్చిన బూస్ట్‌కూ తేడా ఉందో లేదో చూడండి. తేడా లేకపోతే మార్చవలసిన అవసరమే లేదు. మార్చేటప్పుడు పాత సీలింగ్ రింగు వాడకండి, అల్యూమినియంలో కోసిన మర గాడులు త్వరగా అరిగిపోతాయి కనుక బోల్టులను మొదట చేత్తోనే తిప్పి, తర్వాత మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు (బిగింపు బలానికి) మాత్రమే బిగించండి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక అదే రోడ్డు మీద, అదే గేరులో మరొక లాగ్ తీసి పాతదాని పక్కన పెట్టి చూడండి.