పీడీఎఫ్ రసీదుల్లో విడిపోయిన వత్తులు ఎలా కుదిరాయంటే

మా కాలనీ సంఘం నెలవారీ రసీదులను పైథాన్‌లో, పీడీఎఫ్‌లు తయారుచేసే ఎఫ్‌పీడీఎఫ్2 లైబ్రరీతో రూపొందిస్తున్నాను. తెలుగు ఫాంటు జోడించాక అక్షరాలు కనిపించాయి గానీ, "స్త్రీ" వంటి మాటలో స, త, ర విడివిడిగా, మధ్యలో పొల్లులతో వచ్చేవి. సభ్యుల పేర్లే అలా చెదిరిపోతే రసీదు చేతికివ్వడానికి మనసొప్పలేదు. ఫాంట్లు మార్చడం, ఫైలును యూటీఎఫ్-8లో మళ్లీ భద్రపరచడం, వేరే రీడర్‌లో తెరవడం, ఏదీ పనిచేయలేదు.

లోపం ఫాంటులో లేదు. వత్తుల ఆకారాలూ, వాటిని ఎప్పుడు వాడాలన్న నియమాలూ ఫాంటు ఫైలులోనే ఉంటాయి. వాటిని చదివి అమలుచేసే షేపింగ్‌ను మాత్రం ఈ లైబ్రరీలో మనమే ఆన్ చేయాలి. అందుకని ముందుగా పైథాన్ ప్యాకేజీలు దింపే పిప్‌తో, షేపింగ్ పని చేసే యూహార్ఫ్‌బజ్‌ను ఇన్‌స్టాల్ చేశాను. తర్వాత నోటో సాన్స్ తెలుగు రెగ్యులర్ టీటీఎఫ్ ఫైలును స్క్రిప్టు ఉన్న ఫోల్డరులోనే పెట్టి, యాడ్_ఫాంట్‌తో నమోదు చేసి, సెట్_ఫాంట్‌తో ఎంచుకుని, మొదటి అక్షరం రాయకముందే సెట్_టెక్స్ట్_షేపింగ్‌కు ట్రూ అని ఇచ్చాను. అంతే, "స్త్రీ" ఒక్క ముద్దగా, సకారానికి తావత్తు, రావత్తులతో సహా కుదురుగా వచ్చింది. శీర్షిక కోసం బోల్డ్ ఫైలును "బి" స్టైల్‌తో వేరుగా నమోదు చేయాలి, లేకుంటే ఫాంటు నిర్వచించలేదన్న ఎర్రర్ వస్తుంది.

ఎఫ్‌పీడీఎఫ్2లో 2.7.5 కంటే పాత వెర్షన్‌లో ఈ సదుపాయం లేదు. పైగా నేను చేసింది ఈ ఒక్క లైబ్రరీతో, ఒక్క ఫాంటుతో; వీజీప్రింట్ లాంటి ఇతర పీడీఎఫ్ లైబ్రరీలు పాంగో అనే అక్షరాల కూర్పు లైబ్రరీ ద్వారా షేపింగ్ తామే చేసుకుంటాయి గనుక, అక్కడ వత్తులు విడిపోతే కారణం వేరే అయివుండవచ్చు.