పెన్నా ఒడ్డు కోతకు స్పర్లు: ముందు మోడల్‌లో కట్టి చూడండి

ఒడ్డు నుంచి ఏట్లోకి అడ్డంగా వేసే రాతి కట్టే స్పర్. అది ప్రవాహాన్ని ఎటు నెడుతుందో, నదిలో నీటి కదలికను లెక్కగట్టే హెక్-రాస్ 2డీలో ముందే చూసుకోవచ్చు. అమెరికా ఆర్మీ ఇంజినీర్ల సాఫ్ట్‌వేర్, ఉచితం.

అసలు పని నేల లెవెల్స్‌తోనే. ఉపగ్రహాల 30 మీటర్ల డెమ్ (నేల ఎత్తుల గడుల మ్యాపు) ఇక్కడ పనికిరాదు, 30 మీటర్ల స్పర్ మొత్తం అందులో ఒక్క గడి. కడప జిల్లాలో పెన్నా ఎండాకాలంలో చాలావరకు ఇసుకే, డీజీపీఎస్ (జీపీఎస్ కన్నా కచ్చితంగా కొలిచే పరికరం) పట్టుకుని ఏట్లో నడుస్తూ సర్వే చేయొచ్చు. గోదావరి మీద పనిచేసేవాళ్లకు ఈ సుఖం లేదు. స్పర్లు వచ్చే చోట 5 మీటర్లకో పాయింటు, మిగతాచోట్ల 20–25 మీటర్లకొకటి చాలు. ఒడ్డు పై అంచు, అడుగు విడివిడిగా తీయండి. ఇసుక తవ్విన గుంతల్ని వదిలేస్తే ప్రవాహం దారే తప్పుగా వస్తుంది.

మాన్నింగ్ ఎన్ (నేల గరుకుదనం నీటిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె): ఇసుకకు 0.025–0.03, సర్కారు తుమ్మ కంప ఉన్నచోట 0.07–0.1. వరద లెక్కకు చెన్నూరు దగ్గర కేంద్ర జల సంఘం గేజి వివరాలు చూడండి. మోడల్ దిగువ హద్దును స్పర్లకు బాగా దూరంగా పెట్టి, అక్కడి వాలును సగం చేసి మళ్లీ నడపండి. స్పర్ దగ్గర నీటిమట్టం మారిందా, హద్దు ఇంకా దగ్గరగా ఉన్నట్టే.

స్పర్ పొడవు ఏటి వెడల్పులో ఐదో వంతు దాటకూడదు, స్పర్ల మధ్య ఎడం పొడవుకు 2–2.5 రెట్లు. 180 మీటర్ల పాయకు 30 మీటర్ల స్పర్లు, 60–75 మీటర్లకొకటి. మోడల్‌లో స్పర్ శిఖరం వెంట బ్రేక్‌లైన్ (గడుల అంచులు ఆ గీత మీదికే వచ్చేలా చేసేది), చుట్టూ 3 మీటర్ల సెల్స్ (గడులు), టైమ్ స్టెప్ (లెక్కకూ లెక్కకూ మధ్య వ్యవధి) 1 సెకను.

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఒక్కచోటే: డిఫాల్ట్‌గా ఉండే డిఫ్యూజన్ వేవ్ అనే సులువు లెక్కను అలాగే వదిలేస్తారు. అందులో నీటికి జడత్వం ఉండదు, స్పర్ వెనక సుడి రాదు, మ్యాపు మాత్రం నున్నగా, ముచ్చటగా వస్తుంది. జడత్వాన్నీ లెక్కలోకి తీసుకునే ఫుల్ మొమెంటమ్ పెట్టి, టర్బులెన్స్ (సుడుల కలగలుపు) కూడా ఆన్ చేయండి.

మొదట స్పర్లు లేకుండా నడిపి, వంతెన స్తంభాల మీద పాత వరద మరకలతో నీటిమట్టం పోల్చాకే స్పర్లు వేయాలి. ఉదాహరణకు వేగం 2.5 మీ/సె, లోతు 3.2 మీటర్లు, ఎన్ 0.03 అయితే అడుగున ఒరిపిడి సుమారు 37 పాస్కల్స్. అర మిల్లీమీటరు ఇసుక 0.3 పాస్కల్స్ దగ్గరే కదులుతుంది. కాబట్టి ఇసుక కదలని స్థాయి కోసం చూడొద్దు, స్పర్లు లేనప్పటికీ వేశాకకీ ఒడ్డు దగ్గర ఒరిపిడి ఎంత తగ్గిందో చూడండి. ఎదుటి ఒడ్డున, చివరి స్పర్ దిగువన పెరిగితే కోత ఆగలేదు, పొరుగు చేలకు మారిందంతే.

స్పర్ ముక్కు దగ్గర నీరు నిలువుగా దిగి తవ్వే గుంత మాత్రం ఈ మోడల్‌కు అందదు, లోతంతటికీ ఒకే సగటు వేగం తీసుకుంటుంది కనుక. దానికి లేసీ లెక్కే (కోత లోతుకు ఇంజినీర్లు వాడే సూత్రం): మీటరు వెడల్పుకు సెకనుకు 8 ఘనమీటర్లు, సిల్ట్ ఫ్యాక్టర్ (ఇసుక రేణువు సైజును బట్టి వచ్చే అంకె) 1.25 అయితే ఆర్, అంటే వరదమట్టం నుంచి మామూలు కోత లోతు, 5 మీటర్లు. ముక్కు దగ్గర దానికి రెట్టింపు, అంటే వరదమట్టం నుంచి 10, అందులో 3.2 నీటి లోతు పోగా ఏటి అడుగు నుంచి దాదాపు 7 మీటర్లు. రాతి ఆప్రాన్ (ముక్కు చుట్టూ ఏటి అడుగున పరిచే రాళ్లు) వెడల్పు ఆ 7కు ఒకటిన్నర రెట్లు, పదిన్నర మీటర్లకు తగ్గకూడదు.