పెళ్లి మాటెత్తితే తప్పించుకునే మనిషితో ఒకే ఫ్లాట్‌లోకి మారే ముందు

కొండాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఇల్లు చూసి అడ్వాన్స్ ఇచ్చే ముందే అడగండి: "పెళ్లి గురించి ఏమనుకుంటున్నావ్, ఎప్పటికి తేల్చి చెప్తావ్?" చాటింగ్‌లో వద్దు, గొడవ మధ్యలో అసలే వద్దు, ఆదివారం పొద్దున కేబీఆర్ పార్కులో నడుస్తూ అడిగితే ఇద్దరికీ కాస్త ఊపిరాడుతుంది. "చూద్దాంలే" అనేది జవాబు కాదు, గడువు అడగండి.

కొందరికి మనిషి దగ్గరయ్యేకొద్దీ భయం, ప్రేమ సంబంధాల్లో ఈ తీరు గురించి 1987లోనే హజాన్, షేవర్ అనే సైకాలజిస్టులు రాశారు, కాబట్టి అలాంటివాళ్లు మోసగాళ్లే అని వెంటనే తేల్చేయకండి, కానీ కలిసి ఉంటే మారిపోతారన్న ఆశతో మాత్రం సామాను సర్దకండి.

అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకు రాస్తారు. ఇద్దరి పేర్లూ ఉండాలి. ఒకరు మధ్యలో వెళ్లిపోతే అద్దె ఎవరు కట్టాలి, అడ్వాన్స్ ఎవరికి రావాలి, ముందే రాసుకోండి. జాయింట్ లోన్ వద్దు, ఎంత ప్రేమున్నా వద్దు.

మీ అక్కకో దగ్గరి ఫ్రెండ్‌కో అడ్రస్ తెలియాలి. ఎవరికీ చెప్పొద్దని అవతలివాళ్లు పట్టుబడితే అక్కడే ఆగండి. బెదిరింపుల దాకా వస్తే 112కి ఫోన్ చేయండి, అమ్మాయిలకు పోలీసుల షీ టీమ్స్ కూడా ఉన్నాయి.