సీసా అదే, వాసన వేరే

షాపులో ఏసీ చల్లదనంలో చూసి మురిసిపోయి కొన్న పర్‌ఫ్యూమ్, మిట్టమధ్యాహ్నం కొట్టుకుని బయటికి వెళ్తే తలనొప్పి తెప్పించింది. నకిలీ సరుకు అంటగట్టాడని షాపువాణ్ణి తెగ తిట్టుకున్నాను, పాపం.

తప్పు వేడిది. పర్‌ఫ్యూమ్‌లో ఎక్కువ భాగం ఆల్కహాలే. అందులో కరిగిన సుగంధాలు ఒక్కోటి ఒక్కో వేగంతో ఆవిరవుతాయి. నిమ్మజాతి వాసనలు కాసేపట్లోనే ఎగిరిపోతాయి. గంధం, కస్తూరి లాంటివి గంటల తరబడి అంటిపెట్టుకుంటాయి. ఒళ్లు వేడెక్కితే ఆవిరయ్యే వేగం పెరిగి అన్నీ ఒకేసారి ముక్కు మీద పడతాయి. చల్లటి గదిలో అణకువగా ఉన్న తీపి వాసన ఎండలో అందుకే వెగటు పుట్టించింది. పైగా ఆ రోజు షాపులో వరసగా పది సీసాలు చూశాను. అప్పటికే ముక్కు మొద్దుబారి ఉంటుంది కదా!

ముందు ఆరు స్ప్రేలను రెండుకు తగ్గించాను. మెడ మీద మానేసి చొక్కా మీద కొట్టుకున్నాను. గుడ్డ చర్మమంత వేడిగా ఉండదు కాబట్టి వాసన నెమ్మదిగా వస్తుంది. (తెల్లచొక్కాతో జాగ్రత్త, ఒక మరక ఇంకా పోలేదు.) సీసాను బాత్రూం నుంచి తీసి చీకటి అల్మారాలో పెట్టాను, వేడి, వెలుతురు పర్‌ఫ్యూమ్‌ను పాడుచేస్తాయి.

ఇప్పుడు కొనేముందు మణికట్టు మీద ఒక్కసారి కొట్టించుకుని, గంటసేపు బయట తిరిగొస్తాను. పాత సీసా మాత్రం చలికాలం సాయంత్రాలకు దాచుకున్నాను.