నెట్‌వర్క్ బ్యాకప్ డిస్కు: ఫార్మాట్ బటన్ నొక్కే ముందు

కొత్త డిస్కు తెచ్చి రౌటర్‌కో నాస్‌కో (కంప్యూటర్లన్నీ నెట్‌వర్క్ మీద వాడుకునే డిస్కుల పెట్టె) తగిలించి, అన్ని కంప్యూటర్ల బ్యాకప్ దాంట్లోకే పోయేలా పెట్టాలనుకుంటున్నారా? ముందు ఫార్మాట్ సంగతి, అంటే డిస్కులో ఫైళ్లను ఏ పద్ధతిలో సర్దాలో, తేల్చుకోండి. డేటా నిండాక మార్చాలంటే మొత్తం ఇంకో చోటికి దింపి, డిస్కు తుడిచి, మళ్లీ ఎక్కించుకోవాల్సిందే.

"నాది విండోస్ కదా, ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టేస్తా", "నాది మ్యాక్, ఏపీఎఫ్‌ఎస్ చాలు" అనుకుంటారు చాలామంది. డిస్కు నేరుగా ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే అది సరే. నెట్‌వర్క్ మీద మాత్రం మీ ల్యాప్‌టాప్‌కి ఆ ఫార్మాట్ కనపడనే కనపడదు, అది ఎస్‌ఎంబీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) ద్వారా ఫైల్ అడుగుతుంది, అవతలి పెట్టె, అంటే రౌటరో నాసో, తీసి ఇస్తుంది, అంతే. డిస్కు మీద రాసేది ఆ పెట్టె కాబట్టి దానికి బాగా అలవాటైన ఫార్మాటే పెట్టాలి. నాస్‌లలో ఎక్కువగా నడిచేది లినక్స్, అంటే లినక్స్ ఫార్మాట్లైన ఈఎక్స్‌టీ4 లేదా బీటీఆర్‌ఎఫ్‌ఎస్. మ్యాక్ టైమ్ మెషీన్ కూడా నెట్‌వర్క్ మీద స్పార్స్‌బండిల్ అనే డిస్క్ ఇమేజ్ ఒకటి సృష్టించుకుని తన ఫార్మాట్ అందులోనే పెట్టుకుంటుంది, కింద ఈఎక్స్‌టీ4 ఉన్నా దానికి ఇబ్బంది లేదు.

ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ జోలికి వెళ్లకండి, 4 జీబీ దాటిన ఫైల్ అందులో పట్టదు.

అసలు చిక్కంతా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌తోనే. అన్నిటిలో తెరుచుకుంటుంది కదా అని అందరూ దాన్నే ఎంచుకుంటారు, కానీ దానికి జర్నలింగ్ లేదు, రాస్తుండగా కరెంటు పోతే సగంలో ఆగిన పనిని సరిదిద్దుకునే చిట్టా దాని దగ్గర ఉండదు, రౌటర్‌కి తగిలించిన డిస్కుకి ఇది ఎప్పుడైనా జరగొచ్చు. పర్మిషన్లు (ఏ ఫైల్ ఎవరు తెరవొచ్చన్న హద్దులు) నిలవవు. హార్డ్ లింకులు (ఇంకో కాపీ లేకుండా అదే ఫైల్‌కి రెండో పేరు పెట్టడం) లేవు, కాబట్టి మారని ఫైళ్లను లింకులతో సరిపెట్టే ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసే సాధనం) తరహా బ్యాకప్ ఇందులో కుదరదు. పైగా పెద్ద డిస్కుల్లో విండోస్ దీనికి మామూలుగా 128 కేబీ క్లస్టర్ పెడుతుంది, అంటే ఎంత చిన్న ఫైలైనా అంత చోటు ఆక్రమిస్తుంది. 2 కేబీ ఫైళ్లు లక్ష ఉన్నాయనుకోండి, 200 ఎంబీ సరుకు 12.8 జీబీ మింగేస్తుంది. చేతిలో పట్టుకు తిరిగే పెన్‌డ్రైవ్‌కైతే ఎక్స్‌ఫ్యాట్ భేషుగ్గా ఉంటుంది, బ్యాకప్‌కి నేనైతే పెట్టను.

తెలుగులో ఫైల్ పేర్లు పెట్టే అలవాటుంటే ఇంకోటి చూసుకోవాలి. ఈఎక్స్‌టీ4లో పేరుకి హద్దు 255 బైట్లు, తెలుగులో ఒక్కో కోడ్‌కి (అక్షరం, పొల్లు, గుణింతపు గుర్తు దేనికది విడి కోడ్) 3 బైట్లు. "శ్రీ" చూడటానికి ఒక్క అక్షరమే గానీ లోపల శ, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిపి 12 బైట్లు. అంటే మొత్తం 85 కోడ్‌లు, ఎక్స్‌టెన్షన్‌తో కలిపి కొంచెం అటూఇటూ. కొన్ని నాస్‌ల ఎన్‌క్రిప్టెడ్ ఫోల్డర్లలోనైతే 143 బైట్లే. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో హాయిగా ఉన్న పొడవాటి పేరు ఇక్కడికి వచ్చేసరికి ఎర్రర్ కొడుతుంది, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేసి లాగ్‌లో ఒక ముక్క రాసి ముందుకెళ్లిపోవచ్చు. మొదటి బ్యాకప్ లాగ్ తప్పకుండా చదవండి.

ఇక ఆ పెట్టె పాడైపోయిన రోజు సంగతి. ఈఎక్స్‌టీ4 డిస్కుని విండోస్‌కి తగిలిస్తే చదవలేదు సరికదా, "ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతుంది, ఆ టెన్షన్‌లో ఎస్ నొక్కారో అంతే సంగతులు. లినక్స్ లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) ఒకటి ముందే చేసి, దాంతో బూట్ చేసి డిస్కులోంచి ఒక ఫైల్ తెరిచి చూసుకోండి. నాస్‌లో డిస్కులు రెయిడ్‌లో (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే అమరిక) ఉంటే ఒక్క డిస్కు తీసి తగిలిస్తే సరిపోకపోవచ్చు, అది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి.

రౌటర్ అయితే ఏయే ఫార్మాట్లు చదువుతుందో, వేటిలో రాయగలదో మాన్యువల్‌లో చూడండి, చదవడం వేరు, రాయడం వేరు. ఈఎక్స్‌టీ4 ఉంటే అదే, లేకపోతే ఎన్‌టీఎఫ్‌ఎస్. 2 టీబీ మించిన డిస్కుకి పార్టిషన్ టేబుల్ (డిస్కు భాగాల పట్టిక) జీపీటీ రకానిది ఉండాలి, పాత రకమైన ఎంబీఆర్ పనికిరాదు.

ఫార్మాట్ నొక్కేటప్పుడు మిగతా ఎక్స్‌టర్నల్ డిస్కులన్నీ పీకేయండి. ఒకే సైజువి రెండుంటే లిస్టులో ఏది ఏదో గుర్తుపట్టడం కష్టం.