కార్న్ స్నేక్ తెచ్చుకునే ముందు మూత సంగతి చూసుకోండి

పోయిన నెల వానలు పట్టుకున్న వారంలో, తిరుపతిలో మంగళం వైపు అద్దెకుండే ఒక ఇంజనీరింగ్ కుర్రాడి డబ్బాలోంచి పెంపుడు కార్న్ స్నేక్ బయటపడింది. అడుగున్నర పిల్ల. మూత మీద ఇటుక పెట్టేవాడు, వాడికి తెలిసిన తాళం అదే. రెండు రాత్రులు వెతికారు, దొరకలేదు. మూడో రోజు పొద్దున గ్యాస్ బండ వెనకాల తోక కనబడి వాళ్ళమ్మ పిలిస్తే, "మనదేలేమ్మా, ఏమీ చేయదు" అని చెయ్యి పెట్టాడు. అది రక్తపింజరి. రెండుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది, ప్రాణం దక్కింది, వేలు ఇంకా సరిగా ముడుచుకోవడం లేదు. వాడి కార్న్ స్నేక్‌ను అంతకు ముందు సాయంత్రమే పక్క పోర్షన్ వాళ్ళు విషప్పాము అనుకుని కర్రతో కొట్టి చంపేసి బయట పారేశారని తర్వాత తెలిసింది.

శేషాచలం కింద ఉన్న ఇళ్ళలోకి వచ్చే పాములను పట్టేవాళ్ళతో నేను చాలా ఏళ్ళుగా తిరుగుతున్నాను. మా ఇంట్లోనూ ఒక కార్న్ స్నేక్ ఉంది. కాబట్టి పెంచొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఇది విషం లేని పాము, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల నుంచి వచ్చిన జాతి, నెమ్మది స్వభావం, మొదటిసారి పెంచేవాళ్ళకు ఇంతకన్నా అనువైన పాము దొరకడం కష్టం. ఇవన్నీ అమ్మేవాడే చెప్తాడు. నేను చెప్పేది మూత గురించి.

డబ్బా, దాని మూత

నాకు తెలిసి కార్న్ స్నేక్ పోగొట్టుకున్న ప్రతి ఇంట్లోనూ కారణం ఒకటే. మూత వేశారు, బిగించలేదు. పాము తల ఎంత సందులో దూరితే ఒళ్ళంతా అంతలోనే దూరుతుంది, అప్పుడే పుట్టిన పిల్ల పెన్సిల్ అంత లావు కూడా ఉండదు. అది రాత్రంతా ముక్కుతో మూత అంచు వెంబడి తోసుకుంటూ తిరుగుతుంది, ఒక్కచోట వదులు దొరికితే చాలు. ఇటుక, డిక్షనరీ, బియ్యం డబ్బా, ఇవేవీ తాళాలు కావు. బరువు మధ్యలో ఉంటుంది, పాము తోసేది మూలలో.

పాత చేపల తొట్టి మీద ప్లైవుడ్ ముక్క పెట్టి పెంచుదామనుకునేవాళ్ళు అది ఇప్పుడే మానుకోండి. నాలుగు వైపులా క్లిప్పులు ఉండే గట్టి ప్లాస్టిక్ డబ్బా గానీ, గొళ్ళెం వేసి తాళం పెట్టుకునే పెట్టె గానీ కావాలి. గాలి కోసం సోల్డరింగ్ ఐరన్‌తో చిన్న చిన్న రంధ్రాలు పెట్టండి, అంచులు గరుకుగా లేకుండా లోపలి నుంచి అరగదీయండి. ముందు వైపు జరిపే అద్దాలు ఉన్న పెట్టె అయితే రెండు అద్దాలు ఒకదాని మీద ఒకటి వచ్చేచోట సందు ఉంటుంది, పిల్ల పాము అందులోంచే పోతుంది, అక్కడ సన్నటి స్పాంజి పట్టీ అంటించండి. వెచ్చదనం కోసం డబ్బా అడుగున పెట్టే కరెంటు పట్టా, అంటే హీట్ మ్యాట్, దాని వైరు కోసం పెట్టిన రంధ్రాన్ని అందరూ మర్చిపోతారు. దాన్ని కూడా మూసేయండి.

పాము రాకముందే, ఖాళీ డబ్బాకు మూత బిగించి, రెండు చేతులతో ఒక్కో మూల పట్టుకుని పైకి లాగి చూడండి. ఎక్కడైనా వేలి గోరు దూరేంత లేచిందంటే ఆ డబ్బా పనికిరాదు. తర్వాత రోజూ అదే పని. నీళ్ళు మార్చాక మూత, మేత పెట్టాక మూత, స్నేహితులకు చూపించాక మూత. వేసి, క్లిప్పులు నొక్కి, లాగి చూడండి.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, బెంగళూరులో పదో అంతస్తు ఫ్లాట్‌లో పాము తప్పించుకోవడం వేరు, ఇక్కడ తప్పించుకోవడం వేరు. జీవకోన, కపిలతీర్థం, అలిపిరి చుట్టుపక్కల ఇళ్ళలోకి అడవి పాములు మామూలుగానే వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు బొరియల్లోకి నీళ్ళు చేరితే ఇంకా ఎక్కువగా వస్తాయి, 2021 నవంబరులో ఊరు మునిగినప్పుడు ఇక్కడున్న వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. మీ పాము బయట ఉన్నన్నాళ్ళూ ఇంట్లో కనబడే ప్రతి పామూ మీకు మీ పాములాగే కనబడుతుంది. అసలు ప్రమాదం అదే. కార్న్ స్నేక్‌కు నారింజ లేదా గోధుమ ఒంటి మీద నల్లంచు ఉన్న ఎర్ర మచ్చలు, రక్తపింజరికి గోధుమ ఒంటి మీద గొలుసులా మూడు వరసల మచ్చలు. పగటి వెలుగులో పక్కపక్కన పెడితే తేడా పిల్లలు కూడా చెప్తారు. కరెంటు పోయిన రాత్రి, మంచం కింద, ఫోన్ టార్చ్‌లో, పైగా పాము పోయిందన్న టెన్షన్‌లో ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను.

వేడి, చలి, తడి

ఇంటర్నెట్‌లో కనబడే సలహాలన్నీ చలి దేశాలవాళ్ళు రాసుకున్నవి, అందులో సగం వేడి ఎలా పుట్టించాలో చెప్తాయి. మన సమస్య చాలా నెలలు దానికి తిరగబడి ఉంటుంది. డబ్బాలో ఒక చివర 29 నుంచి 31 డిగ్రీలు, రెండో చివర 24 నుంచి 26 దాకా ఉంటే పాము తనకు కావాల్సిన చోటికి తనే జరుగుతుంది. మే నెలలో తిరుపతి 42 దాటినప్పుడు మిద్దె మీది రేకుల గదిలో డబ్బా పెట్టారంటే ఒక్క మధ్యాహ్నం చాలు, పాము చచ్చిపోతుంది. కింది అంతస్తులో, ఎండ నేరుగా పడని గోడ పక్కన పెట్టండి. వేసవిలో మ్యాట్ తీసేయండి. మరీ వేడిగా ఉంటే నీళ్ళు గడ్డకట్టించిన సీసాను గుడ్డలో చుట్టి డబ్బా బయట ఆనించండి, లోపల కాదు.

డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మ్యాట్ కావాలి. అది అడుగు భాగంలో మూడో వంతుకే ఉండాలి, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌తోనే ఉండాలి. థర్మోస్టాట్ లేని మ్యాట్ కాలేంత వేడెక్కుతుంది, పాము పక్కకు జరక్కుండా పొట్ట కాలేదాకా దాని మీదే పడుకుంటుంది. అలా కాలిన పామును నేను చూశాను, మళ్ళీ చూడాలని లేదు.

వానల్లో తడి ఇంకో గొడవ. గాల్లో తేమ ఎలాగూ ఎక్కువ, దానికి తోడు డబ్బాలో పరిచిన కొబ్బరి పొట్టు తడిసి అలాగే ఉండిపోతే పొట్ట కింది పొలుసులు పాడవుతాయి, జలుబు లాంటి రోగం వస్తుంది. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం కనబడితే ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పొట్టు పొడిగా ఉండాలి, కుబుసం విడిచే రోజుల్లో మాత్రం ఒక మూలన తడి నాచు పెట్టిన చిన్న డబ్బా చాలు. దాక్కోవడానికి వెచ్చని చివర ఒకటి, చల్లని చివర ఒకటి, ఒళ్ళు ఆనుకునేంత ఇరుకు గూళ్ళు పెట్టండి. సగానికి కోసిన కొబ్బరి చిప్పకు దారి చేసినా సరిపోతుంది.

కాగితాలు

ఇది సూటిగా చెప్తాను. మన దేశపు పాములు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. జెర్రిపోతు పిల్ల దొరికిందనో, రెండు తలల పాము అదృష్టమనో ఇంట్లో పెట్టుకుంటే కేసు. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములు వన్యప్రాణుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం (సైటీస్) జాబితాలో ఉన్నాయి కాబట్టి కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. కార్న్ స్నేక్ ఆ జాబితాలో లేదు, అయినా ఎక్కడ పుట్టింది, ఎవరు అమ్మారు అన్న బిల్లు లేకుండా తీసుకోకండి, కొనే ముందు అటవీ శాఖ ఆఫీసులో ఒక మాట అడగండి. బస్సు పార్సిల్‌లో పంపిస్తానన్నవాడి దగ్గర అసలే వద్దు.

ఇక మిగిలినవి వరసగా చెప్తాను, ఏ క్రమంలో గుర్తొస్తే ఆ క్రమంలో.

ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే తెండి. చచ్చిన ఎలుకలు ఫ్రీజర్‌లో పెట్టాల్సి ఉంటుంది. మాంసం ముట్టని ఇంట్లో, దేవుడికి పాలు దాచే ఫ్రిజ్‌లో అది కుదరదు, దానికి వేరే చిన్న ఫ్రీజర్ కావాలి. ఈ మాట ముందే అమ్మతో, అత్తతో చెప్పండి, తర్వాత కాదు.

బోనులో పడ్డ ఇంటి ఎలుకను పెట్టకండి. మన వీధిలో ఎవరో ఒకరు ఎలుకల మందు పెట్టే ఉంటారు, ఆ మందు ఎలుకలోంచి పాములోకి వెళ్తుంది.

బతికున్న ఎలుకను లోపల వదలకండి. అది పామును కొరుకుతుంది.

మేత పాము ఒంటి లావును మించకూడదు. పిల్లకు 5 నుంచి 7 రోజులకోసారి, పెద్దదానికి 10 నుంచి 14 రోజులకోసారి. తిన్నాక 48 గంటలు ముట్టుకోవద్దు, కక్కేస్తుంది. తెచ్చిన మొదటి వారం అసలు ముట్టుకోవద్దు.

నాగుల చవితికి వచ్చిన చుట్టాలు పాలు పోస్తామంటారు, పసుపు కుంకుమ పెడతామంటారు. భక్తిని కాదనక్కర్లేదు, పుట్ట దగ్గరికి తీసుకెళ్ళండి. డబ్బా దగ్గరికి కాదు. పాము పాలు తాగదు.

ఆ గదిలో సాంబ్రాణి పొగ వద్దు. దోమల కాయిల్ వద్దు. బొద్దింకల స్ప్రే వద్దు. ఫినాయిల్‌తో డబ్బా కడగొద్దు, కలరా ఉండలు దగ్గర పెట్టొద్దు.

చీమలు. వానాకాలం తినకుండా వదిలేసిన ఎలుక పిల్ల చుట్టూ గంటలో బారులు కడతాయి, పామును కూడా కుడతాయి. చీమల మందు చల్లకండి, బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి, మిగిలిన మేత వెంటనే తీసేయండి.

నీళ్ళ గిన్నెలో కదిలే నల్ల చుక్కలు కనబడితే అవి పిడుదుల్లాంటి పురుగులు. పొట్టు మొత్తం పారేసి పేపరు వేయండి, డాక్టరును అడగండి.

డాక్టరును పాము రాకముందే వెతకండి. కుక్కలు, ఆవులు చూసే చాలామంది పామును ముట్టరు. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, అక్కడికి వెళ్ళి ఎవరు చూస్తారో కనుక్కుని నంబరు రాసి పెట్టుకోండి.

పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. పాముల ఒంటి మీద ఉండే సాల్మొనెల్లా అనే రోగక్రిమి మాట తేలిగ్గా తీసుకోవద్దు. అయిదేళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వొద్దు. డబ్బా వంటింట్లో పెట్టొద్దు, వంటింటి సింకులో కడగొద్దు.

మెడలో వేసుకుని వీధిలోకి వెళ్ళొద్దు. అలిపిరి మెట్ల దగ్గర రీల్స్ తీయొద్దు.

చుట్టుపక్కల వాళ్ళకు ముందే ఫోటో చూపించండి. ఇలాంటిది కనబడితే కొట్టొద్దు, నాకు ఫోన్ చేయండి అని చెప్పండి. దాచిపెట్టి పెంచితే కర్ర దెబ్బకే పోతుంది.

మూత. పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి లాగి చూడండి.

అయినా పోయిందా? చేత్తో వెతకొద్దు. మొదట తలుపుల కింద గుడ్డలు దోపండి, బాత్రూం తూముకు జాలీ పెట్టండి, చంటిపిల్లలను, నేల మీద పడుకునేవాళ్ళను వేరే గదికి పంపండి. గుమ్మాల దగ్గర ముగ్గుపిండి పల్చగా చల్లితే పాకిన జాడ పడుతుంది. ఫ్రిజ్ వెనక వెచ్చటి చోటు, వాషింగ్ మెషిన్ అడుగు, బీరువా కింద, చెప్పుల స్టాండు, కర్టెన్ల పైన కూడా చూడండి, అది బాగా ఎక్కుతుంది. బూట్లు వేసుకోండి, పెద్ద లైటు పట్టుకోండి, పొడవాటి కొక్కెం వాడండి.

ఒళ్ళంతా, తలతో సహా, వెలుగులో కనబడేదాకా అది మీది కాదు. తోక చూసి నిర్ణయించొద్దు. అనుమానం ఉంటే పాములు పట్టేవాళ్ళను పిలవండి, వాళ్ళు వచ్చేదాకా దూరంగా నిలబడి కళ్ళు దాని మీదే ఉంచండి. ఇంతదానికి పిలవాలా అని మొహమాటపడొద్దు.

ఏ పాము కరిచిందో తెలియకపోతే విషప్పామే కరిచిందనుకోండి. కట్లపాము కాటుకు చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, నాటు మందు కోసం ఊళ్ళు తిరగొద్దు. కరిచిన చెయ్యి కదలకుండా పెట్టి, ఉంగరాలు, గాజులు తీసేసి, 108కి ఫోన్ చేయండి, రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో తీసుకెళ్ళండి.

పెంచలేకపోతే కొండలో వదలొద్దు. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్. కరేబియన్ దీవులు కొన్నింటిలో బయటి నుంచి చేరిన కార్న్ స్నేక్‌లు అక్కడే స్థిరపడిపోయాయి. ఇది 15, 20 ఏళ్ళు బతుకుతుంది, ఇంటర్‌లో కొన్న పాము మీ పెళ్ళి నాటికి కూడా ఉంటుంది, ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్తే ఎవరు చూస్తారో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు నీళ్ళు మార్చడానికి ఎవరికైనా తాళంచెవి ఇస్తే, మూత ఎలా బిగించాలో వాళ్ళ చేత మీ ముందే రెండుసార్లు చేయించండి. చెప్తే చాలదు, చేయించండి. డబ్బా మీద ఒక కాగితం అంటించి మీ నంబరు, డాక్టరు నంబరు, పాములు పట్టేవాళ్ళ నంబరు పెద్ద అక్షరాలతో రాయండి, చీకట్లో కూడా చదవగలిగేలా.